తిట్ల మొక్కు

డప్పులు ఇంకా సందులోకి మళ్ళలేదు, పెద్ద రోడ్డు మీదే ఉన్నాయి, అక్కడ ఎవరో టీ అంగడి వాణ్ణి తిడుతున్నారు, తిట్టించుకుంటున్నవాడు పగలబడి నవ్వుతున్నాడు, ఇంకా టైముంది అనుకుంది లోకేశ్వరి, అనుకుంటూనే తలుపు గడియ మళ్ళీ చూసుకుంది. గడియ వేసే ఉంది. వేసిన గడియను మాటిమాటికీ చూడడం పిచ్చితనమని ఆమెకూ తెలుసు, కానీ భయానికి బుద్ధి చెప్పి గెలిచినవాళ్ళెవరు. మే నెల మిట్టమధ్యాహ్నం, కిటికీలు కూడా మూసేసింది, ఫ్యాను తిరుగుతున్నా ఇల్లు పెనంలా కాలుతోంది. బీరువాకూ గోడకూ మధ్య సందులో చాప మీద లోహిత కూర్చుని ఉంది. ఐదేళ్ళ పిల్ల. సోడా మూతలు వరసగా పేరుస్తోంది, ఒకటి వంకరపోతే మొత్తం చెరిపేసి మళ్ళీ మొదటినుంచి పేరుస్తోంది, తల ఎత్తడం లేదు. ఐదేళ్ళొచ్చినా ఆ నోటినుంచి ఒక్క మాట రాలేదు. అమ్మా అని కూడా అనలేదు. ఏది మోగినా పోయి దాని మీద అరచెయ్యి పెడుతుంది, అదొక అలవాటు. మిక్సీ తిరుగుతుంటే మిక్సీ మూత మీద, టీవీలో ఎవరైనా అరుస్తుంటే టీవీ మీద, పాల చిన్నబ్బ బండి హారను కొడితే పరిగెత్తుకుంటూ పోయి ఆ హారను మీద. చిన్నబ్బ మంచివాడు కాబట్టి నవ్వి, ఈ సందులో హారను కొట్టడమే మానేశాడు.

ఇవాళ మాత్రం ఎవరూ ఏదీ మానరు. ఇవాళ బండ వేషం. తిరుపతిలో మిగతా రోజులన్నీ గోవిందా గోవిందా అనే నోళ్ళే, గంగమ్మ జాతరలో ఈ రోజు వచ్చిందంటే ఒంటినిండా కుంకుమ పూసుకుని, దాని మీద నల్లచుక్కలు పెట్టుకుని, వీధి వీధీ తిరిగి కనిపించినవాళ్ళనల్లా బూతులు తిడతాయి. పెద్దా చిన్నా లేదు. తిట్టించుకున్నవాడికి కోపం రాకూడదు, తిట్టింది మనిషి కాదు, అమ్మవారు, ఆ తిట్టుతో ఇంట్లో ఉన్న పీడ వదిలిపోతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని బడిలో చెప్పే అయ్యవారు కూడా ఇవాళ నాలుగు తిట్లు తిని దండం పెట్టుకుని పోతాడు. గూడూరునుంచి కోడలిగా వచ్చిన మొదటి ఏడు లోకేశ్వరి చెవులు మూసుకుంది గానీ, తర్వాత తర్వాత తనూ వాకిట్లో నిలబడి నవ్వేది. నవ్వలేనిది ఈ ఏడే. ఈ ఏడు వేషం కట్టింది ఆమె మొగుడు బాలచంద్ర, మొక్కుకుంది ఆమె అత్త పంకజాక్షి. మొక్కులకేం కరువా, తలనీలాలున్నాయి, పొర్లుదండాలున్నాయి, నిలువుదోపిడి ఉంది, కొండ నీడన పుట్టి పెరిగిన ఆ ఇల్లాలికి ఇవేవీ తోచలేదు. మనవరాలిని చంకనేసుకుని గుడికి పోయి, అందరూ వినేలా, "తల్లీ, నా కొడుకు బండ వేషం కట్టి వీదంతా తిట్టుకుంటా వస్తాడు, కడాన నా వాకిట్లో నిలబడి నా ఇంటిని తిడతాడు, నా బిడ్డకు నోరియ్యి తల్లీ" అని మొక్కేసి వచ్చింది. వచ్చి ఆ సంగతి చెబుతుంటే పొయ్యి దగ్గర లోకేశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది. ఏ నోటి వల్ల పిల్ల నోరు పడిపోయిందని తను లోలోపల కుమిలిపోతోందో, ఆ నోటితోనే మందు వేయిస్తానంటోంది అత్త. వద్దని చెబుదామంటే ఎందుకొద్దో చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అత్తకు ఏమీ తెలియదు, ఇంట్లో ఆ నోరు లేచిన మూడేళ్ళూ ఆమె చిత్తూరులో కూతురి దగ్గర ఉంది.

డప్పులు మలుపు తిరిగాయి. సందులోకి వచ్చినట్టున్నారు, దెబ్బ గోడలకు తగిలి రెండుగా వినిపిస్తోంది. లోహిత చెయ్యి మూతల మీద ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. చూడకు, వినకు, ఆడుకో తల్లీ, ఆడుకో. ఆ గుంపులో నాలుగైదు గొంతులున్నాయి, ఒకటి బాగా బొంగురుగా ఉంది, అది ఏటా వేషం కట్టే ఎల్లప్పది, ఇంకొకటి కుర్రగొంతు, వాటి అడుగున ఉన్న గొంతు తన మొగుడిది. ఆ గొంతు అలా లేవడం విని రెండేళ్ళ పైమాటే, అయినా ఒళ్ళు మర్చిపోలేదు. నిజానికి బాలచంద్ర చెడ్డవాడు కాదు. పెళ్ళయిన కొత్తలో కొండ మీదికి జీపు తోలేవాడు, ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకూ పాట ఒకటి పాడతాడని యాత్రికులు అతని జీపే వెతుక్కుని ఎక్కేవాళ్ళు, ఇంటికొస్తూ మల్లెపూలు తెచ్చేవాడు. కరోనా వచ్చింది. తిరుపతిలో ఎవరూ ఎరగని వింత, రోడ్ల మీద మనిషి లేడు, లాడ్జీలకు తాళాలు, కొండకు దారి మూసేశారు. ఓనరు జీపు అమ్ముకున్నాడు. అప్పటికి లోకేశ్వరికి కడుపు. పురుటికి గూడూరు పోదామంటే బస్సు లేదు, రైలు లేదు, అమ్మ ఫోనులో ఏడ్చి ఫోనులోనే ఊరుకుంది. రేషను బియ్యం, ఊరిబిండి పచ్చడి, ఒకపూట సంగటి. రోజుకిన్నిసార్లు కొండ ఎక్కి దిగే మనిషిని రెండు గదుల్లో కట్టేస్తే ఏమవుతాడు, తాగాడు, దొరికిందల్లా తాగాడు, తాగి అరిచేవాడు. కొట్టలేదు. ఆ ఒక్కమాట చెప్పుకుని ఆమె తనను తాను ఓదార్చుకునేది, కొట్టలేదు కదా, కంచాలు విసిరాడు, తలుపులు బాదాడు, కొట్టలేదు కదా. కానీ ఆ అరుపు లేచినప్పుడల్లా కడుపులో బిడ్డ ఉలిక్కిపడేది. ఒక్క తన్ను, ఆ తర్వాత గట్టిగా బిగుసుకుని కదలకుండా ఉండిపోయేది. ఆమె పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుని, "గమ్మునుండు కన్నా, అయిపోతాది" అనేది. లోపలున్న పిల్లకు వినిపిస్తుందా లేదా అని అప్పుడు ఆలోచించలేదు.

పుట్టాకా అదే వరస. వినాయక చవితి పోయిన తర్వాత పుట్టింది లోహిత. ఇంట్లో అరుపు మొదలైతే లోకేశ్వరి పిల్లను ఎత్తుకుని ఇదిగో, ఈ బీరువా సందులోకే దూరేది. పిల్ల ఏడిస్తే అతను ఇంకా రెచ్చిపోయేవాడు, ఏడుపు వినబడితే చాలు, అరుపు ఇటు తిరిగేది. అందుకని పిల్ల నోటిని అరచేత్తో మూసి, చెవిలో ఊదినట్టుగా, గమ్మునుండు, గమ్మునుండు కన్నా, అయిపోతాది, అయిపోతాది అనేది. ఊపిరాడాలి, ముక్కుకు తగలకూడదు, ఏడుపు మాత్రం బయటికి పోకూడదు, ఎంత నొక్కాలో అంతే నొక్కేది, ఆ నేర్పు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆ అవసరమూ లేకపోయింది. అరుపు మొదలవగానే పిల్ల తనంతట తనే పెదాలు బిగించి, కళ్ళు గోడకు పెట్టి, కొయ్యబొమ్మలా ఉండిపోయేది. ఎంత బుద్ధిమంతురాలని మురిసిపోయింది తల్లి. పక్కింటి దామోదరం పెళ్ళాం, "మీ ఇంట్లో బిడ్డ ఉండాదంటే ఎవురూ నమ్మరు మే, నోట్లో నాలిక లేదు, తల్లి సాలు పిల్లకు తప్పుతాదా" అని మెచ్చుకుంటే ఆ పూటంతా ఆమె కడుపు నిండినట్టే ఉంది.

ఎవరింటి ముందరో డప్పు ఆగింది, నవ్వులు, మళ్ళీ మొదలైంది. మొదటి ఇల్లు అయింది. పిల్ల పిలిస్తే తిరగడం లేదని మూడేళ్ళు నిండాక కదా తెలుసుకున్నది. చెవులు పరీక్ష చేయించారు, చెవులు బాగున్నాయి. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాశారు, గుడిగంటలో నీళ్ళు పోసి తాపించారు, చివరికి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పోయారు, ఆమె పిల్లను చాలాసేపు ఆడించి చూసి ఆటిజం అంది. ఎన్నో అడిగింది. కడుపుతో ఉన్నప్పుడు సరిగా తిన్నావా, బాగా భయపడిన సందర్భాలున్నాయా, ఇంట్లో గొడవలేమైనా ఉండేవా. బాలచంద్ర పక్క కుర్చీలోనే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఏం లేవమ్మా, అంది లోకేశ్వరి. డాక్టరమ్మ ఆ అబద్ధాన్ని చూసీ చూడనట్టు వదిలేసి, "ఇది నువ్వు చేసిందీ కాదు, ఈయన చేసిందీ కాదు. చాలావరకు పుట్టుకతోనే ఉంటుంది. కష్టాల్లో, భయాల్లో పెరిగిన పిల్లల్లో ఇలాంటివి కనబడే అవకాశం కొంచెం ఎక్కువంటారు, అంతే. అవకాశం వేరు, కారణం వేరు, ఆ తేడా మనసులో పెట్టుకో" అంది. చెప్పినదంతా గాలికి పోయింది, కొంచెం అన్న మాట మాత్రం ఆమెను పట్టుకుంది. కొంచెం అంటే ఎంత. కూరలో ఉప్పు కూడా కొంచెమే వేస్తాం, ఆ కొంచెం ఎక్కువైతే కూర కుక్క కూడా ముట్టదు. తన పిల్ల ఆ కొంచెంలో ఉందా, దాని బయట ఉందా, ఎవరిని అడగాలి. ఆ ఏడు రెండు గుడ్లు తిని ఉంటే, గూడూరు రైలు నడిచి ఉంటే, కడుపులో ఆ తన్నులు లేకుండా ఉంటే. ఆ రోజునుంచి బాలచంద్ర మందు ముట్టలేదు. ఇప్పుడు ఎవరిదో వ్యాను తోలుతున్నాడు, ఇంట్లో గొంతు పెంచడు, అసలు మాట్లాడడమే తగ్గించాడు. ఇంట్లో మాట్లాడనివాళ్ళు ఇద్దరయ్యారు.

రెండో ఇల్లు. ఎవరో ఆడమనిషి, "ఇంకో నాలుగు తిట్టప్పా, మా ఆయనకు సాలవు" అంటోంది, అందరూ నవ్వుతున్నారు. అందరికీ నవ్వే. లోహిత ఇప్పుడు మూతలు పేర్చడం లేదు, ఒక మూత పిడికిట్లో బిగించి పట్టుకుంది. లోకేశ్వరి కిందికి జరిగి బీరువా సందులోకి దూరి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది, పిల్ల రాలేదు, రానూ లేదు పోనూ లేదు, కర్రలా కూర్చుంది. మొన్నటిదాకా ఇలా లేదు కదా. మొన్న జెస్సీ దగ్గర ఎంత బాగుంది. జెస్సీ ఆటలతో పిల్లలకు మాట నేర్పే అమ్మాయి, మొన్న లోహితను ఉయ్యాల్లో ఊపుతూ ఊపుతూ గబుక్కున ఆపి, "ఏం కావాల?" అంటే, పిల్ల పెదాలు కదిలించింది. మ్ అంది. నిజంగా అంది, లోకేశ్వరి తన చెవులతో విన్నది. జెస్సీ గంతేసింది. "అక్కా, సూసినారా, నోటిదాంకా వచ్చినాది! కొన్నాళ్ళు పిల్లను గాబరా పెట్టొద్దండక్కా. ఇంట్లో అరుపులూ గొడవా లేకుండా సూసుకోండి, లేకుంటే మళ్ళా లోపలికి పోతాది." ఆ తర్వాత ఆ సంతోషంలోనే జెస్సీ ఇంకో మాట అంది. "లోహిత అన్నీ వింటాదక్కా. బయటికి రాలేదని లోపల లేదనుకోవద్దండి. కొందరు పిల్లలు మొదట ఎప్పుడో విన్నమాటనే అంటారు, విన్నది విన్నట్టు, అదే గొంతుతో." సంతోషపడవలసిన మాటే. ఆటోలో ఇంటికొచ్చేదాకా లోకేశ్వరి ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. ఏం విన్నది పిల్ల. పుట్టకముందునుంచీ విన్నది ఒక్కటే కదా. కంచం గోడకు తగిలేముందు అతని నోటినుంచి వచ్చే ఆ ఒక్క తిట్టు, రోజూ అదే, ఆ ఇంట్లో దీపం పెట్టడం మరిచినా అది మరిచింది లేదు. ఐదేళ్ళు ఊరంతా ఎదురుచూసిన మాట అదే అయితే. ఇంత చిన్న నోటినుంచి, తండ్రి గొంతుతో. లేదా ఆ గొంతు మళ్ళీ విని, నోటిదాకా వచ్చింది కాస్తా లోపలికి పోయి ఇంక ఎప్పటికీ రాకపోతే. రెంటిలో ఏది వద్దని గంగమ్మకు మొక్కాలో కూడా ఆమెకు తెలియడం లేదు.

పొద్దున కొళాయి దగ్గర అతను కుంకుమ కలుపుకుంటుంటే పోయి నిలబడింది. పిల్లను తీసుకుని ఎటైనా పోదామని చూసింది గానీ ఈ జాతర జనంలో పిల్ల బస్సు ఎక్కదు, ఈ ఇల్లు తప్ప వేరే చోట కన్ను మూయదు. అందుకని అడగదలుచుకున్నది అడిగేసింది. "వీదంతా తిట్టుకో. నేనేమన్నా అంటినా? మన వాకిట్లో మాత్రం వద్దయ్యా. ఈడికొచ్చి గమ్మున నిలబడి, దండం పెట్టుకుని పో." అతను కుంకుమ చేతుల్తో అలాగే చూశాడు. "అమ్మ ఊరుకోదు లోకా." "అమ్మకు తెలీదు. నీకు తెలుసు." అతను మళ్ళీ కుంకుమ మీదికి వంగాడు. ఆ మాట ఇద్దరి మధ్యా రావడం అదే మొదలు. తర్వాత, "అట్లే, తిట్టను" అన్నాడు. ఒంటికి పూసుకున్నది కుంకుమేనని తెలిసినా, ఆ ఎర్రటి మనిషి తలుపు దాటగానే ఆమె గడియ వేసేసుకుంది.

ఇప్పుడు దామోదరం ఇంటి ముందరున్నారు, పక్కిల్లే, మధ్యలో గోడ ఒక్కటే. దామోదరాన్ని తిడుతున్నది బాలచంద్రే. అతని గొంతులో నవ్వు ఉంది, ఫరవాలేదు, ఇది నవ్వే గొంతు, ఇది ఆ గొంతు కాదు, వింటున్నావా కన్నా, నాయన ఆడుకుంటున్నాడు. లోహిత వింటోందో లేదో, కళ్ళు గోడకు పెట్టింది. రెండేళ్ళ తర్వాత కళ్ళు మళ్ళీ గోడకు పెట్టింది. అడుగుల చప్పుడు, గజ్జెలు, డప్పు వాకిట్లోకి వచ్చి ఆగింది. అత్త పసుపునీళ్ళ చెంబుతో పొద్దుటినుంచీ గడప బయటే ఉంది, నీళ్ళు పోసిన చప్పుడు వినబడింది. తర్వాత ఏమీ వినబడలేదు. అతను నిలబడ్డాడు. మాట నిలబెట్టుకుంటున్నాడు. దండం పెట్టుకుని పో, పో నాయనా, పో.

"ఏరా, నిలబడి సూస్తా ఉండావే? తిట్టు" అంది అత్త.

"వద్దులేమ్మా."

"అమ్మోరికి ఆడిన మాటరా! బిడ్డకు నోరు రావాల్నా వద్దా?" గొంతు పగిలింది ఆమెకు, ఏడుస్తోంది, పాపం, ఆ ముసలామె ఏడుపులో అబద్ధం లేదు. గుంపులో ఎల్లప్ప, "తిట్టప్పా బాలా, పాప కోసరం తిట్టు" అన్నాడు, డప్పు ఒక్కసారి గట్టిగా మోగింది. అప్పుడు అతను తిట్టాడు. వీధంతా రకరకాలుగా తిట్టిన ఆ నోటికి ఈ వాకిట్లో అలవాటైన తిట్టు ఒక్కటే ఉంది. అదే వచ్చింది. అదే తిట్టు, అదే గొంతు, చివర్లో అదే విరుపు.

లోకేశ్వరి చెయ్యి లేచింది. ఆమె ఎత్తలేదు, అదే లేచింది, కుడి అరచెయ్యి, వేళ్ళు కొంచెం వంచి, బొటనవేలు ముక్కుకు తగలకుండా ఎడంగా పెట్టి, నేరుగా పిల్ల నోటి మీదికి పోయింది. తాకేముందు ఆమె ఆ చేతిని చూసింది. ఎన్నిసార్లు పెట్టిందో ఆ చెయ్యి, చూడడం మాత్రం ఇదే. ఆయన నోరు, ఆయన నోరని ఇన్నాళ్ళూ ఏడ్చింది. ఆ నోరు పిల్ల చెవిదాకానే వచ్చింది. పిల్ల నోటి మీదికి వచ్చింది ఈ చెయ్యి. మిక్సీ మూత మీద, టీవీ మీద, పాలబండి హారను మీద, యాడ నేర్సిందో పిల్ల అని వీధంతా నవ్వుకున్నదీ ఇదే. గొంతులోంచి ఏదో తన్నుకొచ్చింది, ఏడుపు కూడా కాదు, గొడ్డు అరిచినట్టు ఒక చప్పుడు, ఆపుకుందామన్నా ఆగలేదు.

లోహిత తల తిప్పింది. గోడమీదినుంచి కళ్ళు తీసి తల్లి మొహంలోకి చూసింది, ఆ చూపు కోసం లోకేశ్వరి ఎన్ని గుళ్ళు తిరిగిందో. పిడికిట్లో సోడా మూత కింద పడింది. చిన్న అరచెయ్యి, చెమటతో తడిసి, ఇనుము వాసన వేస్తూ, వచ్చి ఆమె నోటి మీద పడింది.

"గమ్మునుండు," అంది లోహిత. "గమ్మునుండు కన్నా. అయిపోతాది."

తల్లి గొంతే. రెండు మాటల మధ్య ఊపిరి పీల్చడం కూడా తల్లిదే. ఎప్పుడూ మాట్లాడని గొంతుకు హెచ్చూ తగ్గూ తెలియదు కాబట్టి, చెవిలో ఊదిన ఆ మాట ఇప్పుడు కేకలా వచ్చింది, తలుపు దాటి వాకిట్లోకి పోయింది. బయట డప్పు ఆగిపోయింది. "అయిపోతాది, అయిపోతాది" అని పిల్ల ఇంకా అంటూనే ఉంది. అత్త తలుపు మీద దబదబా బాదింది. "బిడ్డేనా? మాట్లాడిందా? తల్లీ, గంగమ్మ తల్లీ, పలికించినావా తల్లీ! ఏమనిందే లోకేశ్వరీ, బిడ్డ ఏమనింది?" గోవిందా అని ఎవరో అరిచారు, అందరూ అందుకున్నారు, దామోదరం గొంతు, ఎల్లప్ప గొంతు, ఆడవాళ్ళ గొంతులు. వాటిలో బాలచంద్ర గొంతు ఒక్కటే లేదు. తలుపు ఇవతల తను అరిచిన రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో అతనికి తెలుసు.

"ఏమనిందో సెప్పవే!" అని అత్త మళ్ళీ అరిచింది. లోకేశ్వరి చెప్పలేదు. పిల్ల చెయ్యి ఆమె నోటి మీదే ఉంది, ముక్కుకు తగలకుండా, ఊపిరాడేలా, ఎంత నొక్కాలో అంతే నొక్కి పట్టుకుంది.